చేసి నేర్చిన పరిశ్రమ: ట్రాంబే నుంచి ఈసీఐఎల్ దాకా

అణుశక్తి శాఖ 1967లో హైదరాబాదులో నెలకొల్పిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) విదేశీ కంపెనీ దగ్గర లైసెన్సు కొనుక్కుని మొదలైన కర్మాగారం కాదు. ముంబయి సమీపంలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి పరికరాలను స్వయంగా రూపొందించిన ఇంజనీర్ల అనుభవమే దాని అసలు పెట్టుబడి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, అణు శాస్త్రవేత్త హోమీ భాభా బృందంలో చేరిన అయ్యగారి సాంబశివరావు దీని సారథి. 1956లో ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చినా, దాని నియంత్రణ వ్యవస్థ ఆయన నాయకత్వంలో ఇక్కడే తయారైంది.

స్వయంగా తయారుచేసుకునే ఈ వ్యూహంలో ఉత్పత్తి ఎంత ముఖ్యమో, దాన్ని చేస్తూ నేర్చుకోవడం అంత ముఖ్యం. రియాక్టరు అవసరాలు తెలిసినవారు, వాటికి పరికరాలు చేసేవారు ఒకే శాఖకు చెందినవారు కావడంతో, లోపం ఎక్కడ తలెత్తినా ఆ సంగతి త్వరగా రూపకర్తకు చేరగలిగేది. 1969లో టీడీసీ-12 అనే ‘ట్రాంబే డిజిటల్ కంప్యూటర్’, 1970లలో దాని తరువాతి తరాలైన టీడీసీ-312, టీడీసీ-316 ఈ సంస్కృతి నుంచే వచ్చాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగానికి అవసరమైన టీవీ సెట్లను, ఇస్రో రూపకల్పన ఆధారంగా ఈసీఐఎలే తయారుచేసింది.

అయితే ప్రయోగశాలలో బలంగా నిలిచిన ఈ గుణమే అంగడిలో పరిమితిగా మారింది. 1971–78 మధ్య సంస్థ అమ్మిన కంప్యూటర్లు 98 మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం ప్రభుత్వ పరిశోధనశాలలకు, విశ్వవిద్యాలయాలకు చేరాయి. అమెరికా కంప్యూటర్ల సంస్థ ఐబీఎం దేశం విడిచి వెళ్లిన 1978లోనే చిన్న కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు సంస్థలను అనుమతించడంతో, ధర, వేగం, అమ్మకం తర్వాతి సేవ వంటి కొత్త పాఠాలు నేర్చుకోక తప్పని పోటీ మొదలైంది.

వినియోగదారు అవసరం కచ్చితంగా తెలిసిన చోట మాత్రం పాత పద్ధతే నెగ్గింది. ఎన్నికల సంఘం కోరికపై 1970ల చివర ఈసీఐఎల్ రూపొందించిన ఓటింగ్ యంత్రాన్ని 1982లో కేరళలోని పరూరులో యాభై పోలింగ్ కేంద్రాల్లో వాడారు. చట్టంలో దానికి చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో తేల్చింది. ఆ తర్వాత ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారీలో పాలుపంచుకున్న ఈ యంత్రాలతో 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా జరిగాయి. అప్పటికి శాసనసభ నియోజకవర్గ కేంద్రంగా ఉన్న కోయిలకుంట్ల వంటి రాయలసీమ పట్టణాల ఓటర్లకూ మీట నొక్కి ఓటు వేసే పద్ధతి అప్పుడు అందుబాటులోకి వచ్చింది. కరెంటు లేని పల్లెలోనూ బ్యాటరీతో నడవడం, కేబులుతో కలిపిన రెండు భాగాలుగా ఉండడం, సిబ్బంది కొద్ది శిక్షణతోనే నడపగలగడం ఆ యంత్రం ముఖ్య లక్షణాలు.

కాబట్టి ఈసీఐఎల్ చరిత్రను విజయంగానో వైఫల్యంగానో ఒక్క మాటలో తేల్చలేము. స్వయంగా చేసి నేర్చుకునే సంస్కృతి ఆ సంస్థకు సామర్థ్యాన్ని ఇచ్చింది. ఆ సామర్థ్యం ఎంత దూరం వెళ్లగలదన్నది మాత్రం ఎవరి అవసరం కోసం నేర్చుకున్నారన్న దానిపై ఆధారపడింది.