సిడ్నీ ఒపెరా హౌస్: 49 ఏళ్లకు తీరిన మెట్ల కష్టం.. కాన్సర్ట్ హాల్‌లో ఏమేం మారాయంటే?

తెరచాపల్లాంటి తెల్లటి పైకప్పులతో సిడ్నీ ఒపెరా హౌస్‌ని ఇట్టే గుర్తుపడతారు. కానీ అందులోని అతిపెద్ద వేదిక కాన్సర్ట్ హాల్‌కి వెళ్తే మెట్లే మెట్లు! 1973లో ప్రారంభమైన ఈ హాల్‌లో, వీల్‌చైర్‌లో వచ్చినవారు హార్బర్ వైపున్న నార్తర్న్ ఫోయర్‌కి సొంతంగా చేరుకునే దారే ఉండేది కాదు. విరామంలో అందరూ అక్కడి నుంచి సముద్రాన్ని చూస్తుంటే, వాళ్లకు ఆ భాగ్యం లేదు.

2020 ఫిబ్రవరిలో హాల్ మూసేసి పనులు మొదలుపెట్టారు. ఖర్చు 15 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ సమయంలో సిడ్నీ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలు టౌన్ హాల్‌కి మారాయి. 2007 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడం కావడంతో, అసలు రూపం చెడకుండా చూడాల్సి వచ్చింది.

మారినవి ఇవే..

* ఫోయర్ వరకు కొత్త లిఫ్ట్, నడవా
* పెరిగిన వీల్‌చైర్ స్థలాలు
* 40 సెంటీమీటర్లు తగ్గిన వేదిక ఎత్తు. ముందు వరుసల వారికి కళాకారులు బాగా కనిపిస్తారు
* వేదికపైన పాత యాక్రిలిక్ రింగుల స్థానంలో రేకుల్లాంటి 18 రిఫ్లెక్టర్లు. దీంతో సౌండ్ స్పష్టంగా వినిపిస్తుంది

2022 జులైలో హాల్ మళ్లీ తెరుచుకుంది. పాట వినడానికి వచ్చినవారికి ఇప్పుడు హార్బర్ కూడా అందింది.