ఇంటి బీరు కెగ్గులో గ్యాస్ పీడన లోపాలు
అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకునేవారు ఎక్కువగా వాడేది 19 లీటర్ల కార్నీలియస్ కెగ్గు. ఇది మొదట శీతల పానీయాల కోసం పుట్టిన స్టీలు పీపా. 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10–12 పీఎస్ఐ కార్బన్ డయాక్సైడ్ పీడనం చాలా రకాల బీరుకు సరిపోతుంది. గ్యాస్ ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి దాని సిలిండరు గేజీని నమ్మితే మోసపోతాం: లోపల ద్రవరూప వాయువు ఉన్నంతవరకు ముల్లు దాదాపు కదలదు, అది అయిపోయాక గబగబా పడిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే నిండు సిలిండరు కూడా తక్కువే చూపిస్తుంది. తూకం వేసి చూడటమే మేలు.

రాత్రికి రాత్రే గ్యాస్ ఖాళీ అయితే లీకును అనుమానించాలి. మూత చుట్టూ, గొట్టాల బిగింపుల మీద సబ్బునీళ్లు పూస్తే బుడగలు పొంగినచోట అది బయటపడుతుంది. తరచూ చెడేది మూత కింది రబ్బరు రింగు. తక్కువ పీడనంలో అది సరిగా కూర్చోదు. అందుకే మొదట 30 పీఎస్ఐ దాకా ఎక్కించి, తర్వాత తగ్గిస్తారు. గ్లాసు నిండా నురగే వస్తుంటే తొందరపడి పీడనం తగ్గించకూడదు. కుళాయి గొట్టం మరీ పొట్టిగా ఉందేమో, వెచ్చబడిందేమో ముందు చూడాలి.