నడిచిన మూట

ఏమన్నావమ్మలూ, విమానమెక్కితే రెండున్నర గంటల్లో అండమాన్‌లో దిగిపోతావా? దిగు తల్లీ, హాయిగా దిగు. కానీ "వచ్చేటప్పుడు నీకు సంచీడు గవ్వలు తెస్తాలే తాతా" అన్నావు చూడు, నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కుంపటి దగ్గరకి జరుగు. నీ మాటకి జవాబు చెప్పాలంటే నేను 1982 సంక్రాంతి నుంచి ఎత్తుకోవాలి. పొడుగ్గానే ఉంటుంది. నిద్రొస్తే నా ఒళ్లో తల పెట్టుకో, ముచ్చట మాత్రం ఆగదు.

మా పెదనాన్న అప్పట్లో పోర్ట్‌బ్లెయిర్‌లో చాథం రంపపు మిల్లులో కలప కొలిచే గుమాస్తా. ఆ మిల్లు నిన్నా మొన్నటిది కాదు, 1883లో పెట్టింది. "ఒకసారి వచ్చి చూసిపోరా, ఇక్కడి అడవి చూస్తే నీ మన్యం గుర్తొస్తుంది" అని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం మా ఇంటికి చేరడానికే మూడు వారాలు పట్టింది. విశాఖపట్నం నుంచి ఓడ నెలకొకటి. అది తప్పితే మళ్లీ నెల ఆగాల్సిందే. ఆ నెల ఓడ కనుమ మర్నాడు బయల్దేరుతుందన్నారు.

మా నాయనమ్మ ఒప్పుకుంటేనా! "కనుమ నాడు కాకి కూడా కదలదు, నువ్వు సముద్రం దాటతావా" అని గుమ్మంలో కూచుంది. ఓడ కదిలేది కనుమ నాడు కాదు, ముక్కనుమ నాడని పంచాంగం తెచ్చి చూపిస్తే తప్ప లేవలేదు. లేచి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి సింహాచలం అప్పన్నకి ముడుపు మొక్కింది. తరవాత రెండు డబ్బాల అరిసెలు, ఒక డబ్బా జంతికలు, జాడీలో ఉసిరికాయ పచ్చడి సర్దింది. వాంతులకి మందని నిమ్మకాయలు వేరే మూట. నా బట్టలకి మిగిలిన చోటు పెట్టెలో ఒక మూలే.

బంకు క్లాసు టిక్కెట్టుకి వంద నోటిస్తే చిల్లర తిరిగొచ్చింది. బంకు క్లాసంటే ఏమిటనుకున్నావు? ఓడ కడుపులో, రైలు బెర్తుల్లా వరసలు వరసలుగా ఇనప మంచాలు. గాలి గొట్టం కింద మంచం కోసం మొదటి గంటలో జరిగిన తగాదాలు చూడాలి! అందులో ఒక అనకాపల్లి బెల్లం వర్తకుడు, నీళ్లకావి పంచె, భుజాన తువ్వాలు, రెండు మంచాలు పట్టేసి ఒకదాని మీద తను, రెండోదాని మీద తన బెల్లం దిమ్మలు. ఎవరడిగినా "మా తమ్ముడొస్తాడు" అనేవాడు. ఓడ నడిసముద్రంలోకి వచ్చాక తమ్ముడెక్కణ్నుంచి వస్తాడమ్మా!

డాల్ఫిన్ నోస్ కొండ కనుమరుగయ్యేదాకా అందరం పైన రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. రెండో పూటకి కెరటాలు పెరిగాయి. మొదట్లో కొట్టుకున్నవాళ్లే ఇప్పుడు ఒకరి తల ఒకరు పట్టుకుని నిమ్మకాయలు వాసన చూపించుకున్నారు. బెల్లం వర్తకుడు దిమ్మలన్నీ కింద పెట్టేసి, ఆ రెండో మంచం ఒక బాలింతకి ఇచ్చాడు. అడక్కుండానే ఇచ్చాడు. సముద్రానికి ఆ గుణం ఉంది, మనిషిని కొంచెం వంచి నిలబెడుతుంది.

సుమారు 1200 కిలోమీటర్లు, రెండు పగళ్లు, మూడు రాత్రులు. అదే నీళ్ల మీద మన మన్యం మనిషి గాం మల్లుదొరని తెల్లవాళ్లు సంకెళ్లతో తీసుకెళ్లారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాడు. ద్వీపాంతర శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో మన విశాఖ నుంచే పార్లమెంటుకి వెళ్లాడు. ఆ రాత్రి పై డెక్కు మీద పడుకుని నేను ఆయన్నే తలుచుకున్నాను. ఆయనకి కాళాపానీ అయిన నీరు నాకు చుట్టపుచూపు దారి అయింది. సరే, ఆ కథ మొదలెడితే తెల్లారిపోతుంది, అది ఇంకో రాత్రికి. మన దారికొద్దాం.

పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అని ఒక పేట ఉంది. అక్కడ అడుగు పెడితే శ్రీకాకుళం తీరంలో పెట్టినట్టే. ఆరబెట్టిన వలలు, ఎండు చేపల వాసన, "ఏటి బాబూ, ఏ ఊరు మనది?" అన్న పలకరింపు. వలలు పట్టుకుని పొట్టకూటికి వలసెళ్లిన మన గంగపుత్రులు కట్టుకున్న పేట అది. అక్కడో సరంగు ఉండేవాడు. ఇంజను బిగించిన చెక్క పడవని అక్కడ డుంగీ అంటారు. తన డుంగీలో బియ్యం, కిరసనాయిలు వేసుకుని ఉత్తరాన డిగ్లీపూర్ దాకా, అంటే సుమారు 180 కిలోమీటర్లు, దీవి దీవికీ ఆగుతూ వెళ్తాడు. పెదనాన్న నన్ను అతనికి అప్పజెప్పాడు. పడవెక్కి చూద్దును కదా, బెల్లం దిమ్మల మీద కూచుని మన అనకాపల్లి ఆయన! డిగ్లీపూర్‌లో మేనల్లుడున్నాడట.

మొదటి రోజు నీల్ దీవి. అక్కడి ఊళ్ల పేర్లు వింటే నీకు ముచ్చటేస్తుంది. రాంనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. దేశ విభజనప్పుడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లు. వాళ్లు పండించిన కూరగాయలే పోర్ట్‌బ్లెయిర్‌కి వెళ్తాయి. టీ కొట్టులో చాయ్ అర్ధ రూపాయి, కొబ్బరి బొండానికి డబ్బిస్తే నవ్వారు. శీతాకాలంలో సాయంత్రం అయిదింటికే చీకటి పడిపోతుందక్కడ. గడియారం మనదే, సూర్యుడు మాత్రం తూర్పు మనిషి.

రెండో రోజు హేవ్‌లాక్. ఇప్పుడు దాన్ని స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, నీల్‌ని షహీద్ ద్వీప్ అంటున్నారు, 2018లో మార్చారు. నాకు పాత పేర్లే నోటికొస్తాయి, ఏమీ అనుకోకు. అడవి నుంచి దుంగలు లాగే ఏనుగులు ఆ రోజుల్లో దీవుల్లో పని చేసేవి. ఒక ఏనుగు రేవులో ఈదుతుంటే చూశాను. తొండం ఒక్కటే పైకి, మిగతా కొండంతా నీళ్లలో, కాళ్లు నడుస్తున్నట్టే ఆడుతున్నాయి. పడమటి వైపున్న ఇంటర్వ్యూ దీవిలోనైతే 1960ల మొదట్లో ఒక కలప గుత్తేదారు దివాలా తీసి, నలభై దాకా ఏనుగుల్ని అలాగే అడవికి వదిలేసి పోయాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు. అవి మాత్రం చావలేదు, అడవి ఏనుగులై బతికాయి.

మూడో రోజు లాంగ్ ఐలాండు. ఇదిగో, నీ గవ్వల ముచ్చట ఇక్కడుంది, కళ్లు మూయకు.

మధ్యాహ్నం పోటు కోసం ఆగాం. తీరమంతా గవ్వలే. చారలవీ, చుక్కలవీ, బొంగరాల్లాంటివీ, చిన్న శంఖాలూ. ఊరికే వస్తే నాకొకటి, మా అయ్యకొకటి అన్నట్టు బెల్లం వర్తకుడు తువ్వాలు పరిచి ఏరడం మొదలెట్టాడు. పెద్దకూతురికి, చిన్నకూతురికి, దేవుడి గదికి, కొట్టులో గల్లాపెట్టె మీదకి. నిజం చెప్పొద్దూ, నేనూ అయిదారు ఏరి ఆయన తువ్వాల్లోనే వేశాను. ఆయన నాలుగు మూలలూ బిగించి ముడేసి, పడవ కొసన పెట్టుకుని పడుకున్నాడు.

అర్ధరాత్రి. అమావాస్య దగ్గర పడింది, చందమామ లేడు. నీళ్లలో చెయ్యి పెడితే వేళ్ల చుట్టూ నీలం మెరుపు. కంటికి ఆనని జీవులు కదిలిస్తే అలా వెలుగుతాయి. నేనా వెలుగు చూస్తూ మేలుకునే ఉన్నాను. చెక్క మీద బరుకుతున్న చప్పుడు. తిరిగి చూస్తే ఆ తెల్ల తువ్వాలు మూట జానెడు జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది. వర్తకుడికి మెలకువొచ్చి చూశాడు. "అప్పన్నా, తండ్రీ!" అని ఒక్క కేక పెట్టి నా మెడ పట్టుకున్నాడు. ఇప్పటికీ నవ్వొస్తుంది.

సరంగు లాంతరు పట్టుకొచ్చి ముడి విప్పాడు. సగం గవ్వల కింద కాళ్లు. ఒక్కో గవ్వలోంచి ఊదారంగు డెక్క ఒకటి బయటికొచ్చి, తలుపు సందులోంచి చూసినట్టు మమ్మల్ని చూసి, చటుక్కున లోపలికి. అవి గవ్వల్లో కాపురముండే పీతలమ్మా. వాటికి వెనక భాగం మెత్తన, సొంత చిప్ప ఉండదు. ఎవరో చచ్చిపోయి వదిలేసిన గవ్వని ఇల్లు చేసుకుంటాయి. ఒళ్లు పెరిగితే ఇల్లు ఇరుకై, ఇంకొంచెం పెద్ద గవ్వ వెతుక్కోవాలి.

"మరి మిగతావి ఖాళీవేగా, అవి ఉంచుకోనా?" అన్నాడు వర్తకుడు, ఆశ చావక.

సరంగు కోప్పడలేదు. "బాబూ, ఈ పీతకి రేపు పెద్దిల్లు కావాలి. ఆ పెద్దిల్లు మీ గల్లాపెట్టె మీదుంటే ఇదెక్కడికెళ్తాది?" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. తెల్లారాక ఆటుకి పడవ ఆపి ఉంచాడు. వర్తకుడు దిగి, ఒక్కొక్క గవ్వనీ ఇసక మీద బోర్లా కాకుండా చూసి పెట్టొచ్చాడు. నావి కూడా. ఆ ఆటు వల్ల మాకు సగం పూట ఆలస్యమైంది. ఎవ్వరం నోరెత్తలేదు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు.

నాలుగో రోజు మాయాబందర్. 1925లో బర్మా నుంచి తీసుకొచ్చిన కరెన్ జనం ఉండే చోటు. మడ అడవి సందుల్లో ఉప్పునీటి మొసలి ఉంటుందని సరంగు మా చేతుల్ని నీళ్లలో పెట్టనివ్వలేదు. నేను చూసినది ఒడ్డు బురద మీద దాని పొట్ట ఈడ్చిన గాడి మాత్రమే, అది చాలు. ఉత్తరాన గుహల్లో హవాబిల్ అనే చిన్న పిట్ట తన ఉమ్మితోనే గూడు కడుతుంది. ఆ గూటిని చారు కాచుకుని తాగే దేశాలున్నాయి. పిట్ట ఉమ్మికి కూడా ధర కట్టాడు మనిషి. జారవా ఆదివాసులుండే పడమటి తీరం వైపు మాత్రం సరంగు పడవ తిప్పనే లేదు. "అది ఆళ్లిల్లు" అన్నాడు.

అయిదో రాత్రి డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ ఇసక. నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమది. చీకట్లో కూచున్నాం. నీళ్లలోంచి నల్లటి బండ ఒకటి లేచి నడిచొచ్చింది. ఎవరో బీడీకి అగ్గిపుల్ల గీయబోతే, మన బెల్లం వర్తకుడు చప్పున ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఆర్పవయ్యా, తల్లి పురిటికొచ్చింది" అన్నాడు. వెలుగు చూస్తే తాబేలు బెదిరి వెనక్కి పోతుందని సరంగు చెప్పిన మాట ఆయన గుర్తుపెట్టుకున్నాడు. ఆ తాబేలు వెనక కాళ్లతో, మనం గరిటెతో పిండి తీసినట్టు, ఒక్కో దోసెడు ఇసక తీసి పక్కన పోసింది. కుండలాంటి గుంట తవ్వి, తెల్లటి గుండ్రటి గుడ్లు పెట్టింది, నూరు దాకా ఉంటాయి. కళ్లమ్మట నీళ్లు. అది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా పోతుందని తరవాత చదువుకున్నాను. ఆ రాత్రి మాత్రం మాలో ఇద్దరు ముగ్గురు పంచె చెంగుతో కళ్లొత్తుకున్నారు. గుంట కప్పి, చదును చేసి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోయింది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక ఆ దీవులు మునుపటిలా లేవు. ఉత్తరాన నేల పైకి లేచి పగడాల దిబ్బలు ఎండకి ఆరి చచ్చిపోయాయి. దక్షిణాన నేల కుంగి పొలాల్లోకి ఉప్పునీరొచ్చి ఉండిపోయింది. సముద్రం తను తీసుకునేది ఎలాగూ తీసుకుంటుంది. దానికి మన చేతివాటం కూడా తోడవ్వాలా?

నువ్వు వెళ్లు తల్లీ. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురం అయింది, అక్కడే దిగుతావు. హేవ్‌లాక్‌కి వేగం పడవలున్నాయట, గంటన్నరలో దింపేస్తాయట. ఒక్క రోజైనా మెల్లగా వెళ్లే సర్కారు పడవెక్కు, పైన నిలబడు. పగడాలు, కొన్ని రకాల శంఖాలు వన్యప్రాణి చట్టం కిందకొస్తాయి, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు కూడా. కానీ నేను చెప్పేది పోలీసు భయంతో కాదు. నచ్చిన గవ్వ కనబడితే చేతిలోకి తీసుకో, చెవి దగ్గర పెట్టుకుని విను, లోపల ఎవరైనా ఉన్నారేమో చూడు. చూసి, తీసిన చోటే పెట్టేసి రా. నాకు గవ్వలొద్దు. వచ్చాక ఈ కుంపటి దగ్గర కూచుని, ఏం చూశావో చెప్పు, నేను వింటాను.