టోపీలో పిట్ట, కాన్వాసు మీద కన్నీరు



చచ్చిన పక్షిని తలకిందులుగా వేలాడదీసిన బొమ్మ ఒకటి తెచ్చి, మీ ముందుగదిలో పెట్టుకోమంటే ఏమంటారు? "అపశకునం, బాబోయ్" అంటారు కదూ! కానీ 17వ శతాబ్దంలో హాలెండులో డబ్బున్నవాళ్లు అలాంటి బొమ్మల్ని ఏరికోరి కొనుక్కున్నారు. వేట అక్కడ గొప్పింటివాళ్ల వేడుక. అందుచేత గోడమీద హంసో, కౌజుపిట్టో వేలాడుతోందంటే ఆ ఇంటి హోదాకి గుర్తన్నమాట.

రెంబ్రాంట్ కూడా 1639 ప్రాంతంలో చచ్చిన నెమళ్లను గీశాడు. ఒకటి కాళ్లు కట్టి వేలాడుతోంది, రెండోది నెత్తుటిలో పడివుంది. అయితే వెనక కిటికీలోంచి ఒక చిన్నపిల్ల వాటినే చూస్తూ వుంటుంది. బొమ్మ చూశాక నెమళ్ల ఈకల కంటే ఆ పిల్ల చూపే గుర్తుంటుంది.

1765లో ఫ్రాన్సులో గ్రూజ్ అనే చిత్రకారుడు, పంజరం మీద చచ్చి పడివున్న పెంపుడు పిట్టనూ, దాని పక్కన దిగులుగా కూర్చున్న ఆడపిల్లనూ చిత్రించాడు. ఆమె దుఃఖం పిట్ట కోసం కాదు, మరేదో వుందని దిదరో అనే రచయిత వాదించాడు. చూశారా! హోదాకి గుర్తయిన పక్షే, ఆడపిల్ల పైకి చెప్పుకోలేని బాధకి గుర్తయింది.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు బొమ్మ ఇంగ్లండులోది. 80 ఏళ్లు దాటిన వాట్స్ అనే చిత్రకారుడు 1899లో దాన్ని ప్రదర్శించాడు. బలిపీఠం నిండా రంగురంగుల రెక్కలు, దాని మీదికి వంగి, చేతుల్లో మొహం దాచుకుని దుఃఖిస్తున్న దేవదూత. అంతే బొమ్మ.

ఆ రెక్కలు ఎక్కడివంటే, ఆడవాళ్ల టోపీలవి. ఆ రోజుల్లో టోపీలో ఈకల కుచ్చు, ఒక్కోసారి పిట్టకి పిట్టే, వుండడం ఫ్యాషను. అందరికీ కావలసింది తెల్లకొంగ వీపుమీది దారాల్లాంటి ఈకలు. అవి పిల్లల్ని పెట్టే కాలంలోనే వస్తాయి. తల్లిని చంపితే గూట్లో పిల్లలు ఆకలితో చచ్చేవి, పాపం. బంగారం కంటే ఎక్కువ ధర పలికిన ఈకలవి. మన దేశంనుంచీ ఎగుమతయ్యేవి. 1902లో ఇక్కడి ప్రభుత్వం నిషేధించింది.

దీన్ని ఎదిరించింది ఎవరనుకున్నారు? ఆడవాళ్లే! 1889లో మాంచెస్టరు దగ్గర ఎమిలీ విలియమ్సన్ అనే గృహిణి తన ఇంట్లోనే ఒక సంఘం పెట్టింది. సభ్యురాళ్లు చెయ్యవలసిందల్లా, అలాంటి ఈకలు పెట్టుకోమని మాట ఇవ్వడమే. నవ్వినవాళ్లు నవ్వారు. కానీ 1921లో ఈకల దిగుమతిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అప్పటికి బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్న ఆడమనిషి ఒక్కరే.

టోపీ పెట్టుకున్న ఆ ఇల్లాళ్లు క్రూరులు కారు. "ఇది ఎక్కణ్నించి వచ్చింది?" అని అడగడం తోచలేదు, అంతే. పట్టుపురుగుల్ని గూళ్లతోనే ఉడికించి దారం తీస్తారని తెలిసీ, పెళ్లిళ్లకి నేను పట్టుచీరే కడుతున్నాను. కనక వాళ్లని తప్పుపట్టే అర్హత నాకు లేదు. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ దేవదూత మాత్రం గుర్తొస్తుంది. ఈసారి మీరు పెట్టె తెరిచినప్పుడు, మీకూ ఒక్కసారి గుర్తొస్తే చాలు.