ఆర్థిక మాంద్యం అంటే ఏమిటి? ఎలా తేలుస్తారు?

ఉత్పత్తి, ఉద్యోగాలు, ఆదాయాలు, అమ్మకాలు దేశమంతటా కొన్ని నెలలపాటు పడిపోతే దాన్ని ఆర్థిక మాంద్యం (రిసెషన్) అంటారు. ఒక్క పరిశ్రమ నష్టపోయినంత మాత్రాన, షేర్ మార్కెట్ కూలినంత మాత్రాన మాంద్యం వచ్చినట్టు కాదు.

వరుసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గితే ‘సాంకేతిక మాంద్యం’ అంటారు. లాక్‌డౌన్ ఏడాది 2020లో భారత్‌కు ఇదే జరిగింది. తొలి అంచనాల ప్రకారం అంతకుముందు ఏడాదితో పోలిస్తే జీడీపీ ఏప్రిల్-జూన్‌లో 23.9 శాతం, జూలై-సెప్టెంబర్‌లో 7.5 శాతం తగ్గింది.

అయితే ఇది సులువైన కొండగుర్తు మాత్రమే. అమెరికాలో మాంద్యాన్ని తేల్చేది ప్రభుత్వం కాదు, నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ అనే సంస్థకు చెందిన ఆర్థికవేత్తల కమిటీ. పతనం ఎంత లోతుగా ఉంది, ఎన్ని రంగాలకు పాకింది, ఎంతకాలం సాగింది అన్న మూడు విషయాలను కమిటీ చూస్తుంది. 2020లో అక్కడి పతనం రెండు నెలలే సాగినా, చాలా తీవ్రంగా ఉండటంతో మాంద్యంగానే లెక్కించింది. 2022 తొలి రెండు త్రైమాసికాల్లో జీడీపీ తగ్గినట్టు అప్పటి అంకెలు చెప్పినా, ఉద్యోగాలు మాత్రం పెరుగుతూనే వచ్చాయి. ఆ ఏడాది మాంద్యం వచ్చినట్టు కమిటీ ప్రకటించలేదు.

లెక్కలన్నీ అందాకే తీర్పు వస్తుంది కాబట్టి ఆలస్యం తప్పదు. 2007 డిసెంబర్‌లో మొదలైన మాంద్యాన్ని కమిటీ 2008 డిసెంబర్ 1న ప్రకటించింది. అప్పటికే లక్షల మంది ఉద్యోగాలు పోయాయి. అందుకే అమెరికా సంపాదన మీద ఆధారపడిన కుటుంబాలు ఆ ప్రకటన కోసం ఎదురుచూడటం కంటే, ప్రతి నెలా వచ్చే ఉద్యోగాల లెక్కలపై ఓ కన్నేసి ఉంచడం మంచిది.