ఫైలిన్ తర్వాత కట్టిన ఇళ్ళు

2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి, ఫైలిన్ తుఫాను మా గంజాం జిల్లాలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. అప్పటికి నాకు ఊహ తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం ఏ సంగతి చెప్పినా "ఫైలిన్‌కి ముందా, తర్వాతా" అనే అడుగుతారు.

1999 అక్టోబరు 29న పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్‌లో సుమారు 10,000 మంది పోయారు. ఫైలిన్‌లో ఒడిశాలో పోయినవాళ్ళు 50 మందికి లోపే. సుమారు 10 లక్షల మందిని ముందే తుఫాను ఆశ్రయ భవనాలకీ బడులకీ తరలించారు కాబట్టి. ఈ సంగతి అందరూ చెప్తారు. మరి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళకి ఇల్లు లేకపోతే ఎలా? నాకు తెలుసుకోవాలనిపించింది అదే.

మా తీరంలో వేటకెళ్ళే కుటుంబాలు చాలావరకు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. ఒడియావాళ్ళు వాళ్ళని నోళియాలు అంటారు. మట్టిగోడలు, తాటాకు కప్పులు ఉన్న ఇళ్ళు ఆ గాలికి ఆగలేదు. సరుగుడు తోటలు, మొగలి పొదలు కూడా పోయాయి.

తర్వాత ఒడిశా ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పుతో పక్కా ఇళ్ళ పథకం పెట్టింది. ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, కాంట్రాక్టరు కట్టేసి తాళంచెవి చేతిలో పెట్టడం కాదు. ఇంటివాళ్ళే దగ్గరుండి కట్టించుకోవాలి. ఇంటికి 3 లక్షల రూపాయలు. పునాది అయితే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే కొంత, అలా విడతలుగా బ్యాంకు ఖాతాలో పడేవి. కాగితాల పనిలో, కట్టడంలో స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఊళ్ళోకొచ్చి సాయపడ్డారు. స్థలం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇచ్చారు. మా అమ్మ ఈ మాట రెండుసార్లు చెప్పించుకుంది!

మా మావయ్య తాపీ పని చేస్తాడు. ఆ ఇళ్ళకి కూడా పనిచేశాడు. "ఇంటావిడ పొద్దున్నే వచ్చి సిమెంటు బస్తాలు లెక్కపెట్టేదమ్మా, ఇసుకలో మట్టి కనిపిస్తే ఒప్పుకునేది కాదు. కాంట్రాక్టు పనిలో మమ్మల్ని అలా ఎవరడుగుతారు?" అన్నాడు. డబ్బు ఒకరిది, కాగితాల పని ఒకరిది, కాపలా ఇంటివాళ్ళది. ఇల్లు గట్టిగా నిలవాలంటే ఈ మూడోదే ముఖ్యమని నాకనిపిస్తుంది.

అంతా బాగుందని మాత్రం రాయలేను. ఋషికుల్య నది కలిసేచోట ఉన్న పొడంపేటని సముద్రం ఫైలిన్‌కి ముందునుంచే కోసేస్తోంది. ఆ ఊరివాళ్ళని లోపలికి మార్చి కొత్త పొడంపేట కట్టారు. పాత ఊళ్ళో ఇప్పుడు మొండిగోడలే ఉన్నాయి. కొత్త ఇల్లు గట్టిదే, కానీ వేటకెళ్ళేవాడికి గుమ్మంలోంచి సముద్రం కనపడాలి కదా. అల ఎలా ఉందో చూసి పడవ తియ్యాలా వద్దా అనుకుంటాడు. వలలూ పడవలూ ఒకచోట, నిద్ర ఒకచోట అయితే కష్టమే. అలాగని వెనక్కి వెళ్ళడానికి అక్కడ నేల లేదు.

ఆశ్రయ భవనాలు కూడా ఊరివాళ్ళ చేతిలోనే ఉన్నాయి. ఒక్కోదానికి ఊళ్ళో కమిటీ ఉంటుంది. యువకులకి హెచ్చరిక చెప్పడం, జనాన్ని కాపాడటం, ప్రథమ చికిత్స నేర్పారు. మామూలు రోజుల్లో వాటిల్లో చాలాచోట్ల బడి నడుస్తుంది. అక్టోబరు వచ్చి గాలి మారితే పుస్తకాలు పక్కకి జరిపి చాపలు పరుస్తారు.