‘నిర్ధారితమైన ఆధారం లేదు’: బ్రిటన్ కలుషిత రక్త విచారణ - ఒక చారిత్రక పరిశీలన

రక్త ఉత్పత్తుల ద్వారా ఎయిడ్స్ సంక్రమిస్తుందనడానికి నిర్ధారితమైన ఆధారమేదీ లేదని 1983 నవంబరులో బ్రిటన్ ఆరోగ్య మంత్రి కెన్నెత్ క్లార్క్ పార్లమెంటుకు తెలియజేశారు. ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. ఆ ఏడాది ఆరోగ్య శాఖ తరఫున మరికొందరూ దాదాపు ఇదే వాక్యాన్ని వల్లించారు. అప్పటికి ఎయిడ్స్ కారక వైరస్ శాస్త్రీయంగా రుజువు కాలేదు కనుక, అక్షరార్థంలో ఆ వాక్యం అబద్ధం కాదు. వాక్య భారమంతా ‘నిర్ధారితమైన’ అనే విశేషణం మీద ఉంది. వినేవారికి మాత్రం ‘లేదు’ అన్న క్రియ ఒక్కటే వినిపిస్తుంది. నలభై ఏళ్ల తరువాత ఒక విచారణ సంఘం ఈ వాక్యాన్ని వాస్తవంగా స్వీకరించక, దానినే ఒక సాక్ష్యంగా పరిశీలించడం చరిత్ర పరిశోధకులు గమనించవలసిన విషయం.

ఆ వాక్యం వెలువడడానికి ఆరు నెలల ముందే, 1983 మే 9న, అంటువ్యాధుల పర్యవేక్షణ కేంద్రం సంచాలకులు డాక్టర్ స్పెన్స్ గాల్‌బ్రెయిత్ ఆరోగ్య శాఖకు ఒక లేఖ రాశారు. 1978 తరువాత అమెరికాలో సేకరించిన రక్తంతో తయారైన ఉత్పత్తులన్నిటినీ, ప్రమాదం ఎంతటిదో తేలేవరకు, వాడుక నుండి ఉపసంహరించాలని అందులో కోరారు. జూలైలో మందుల భద్రతా సంఘానికి చెందిన ఉపసంఘం, సరఫరా దృష్ట్యా అది ఆచరణసాధ్యం కాదని భావించింది. ఈ వాదాన్ని పూర్తిగా కొట్టివేయలేము. కాని సరఫరా చాలకపోవడం ఒక విషయం, ప్రమాదాన్ని రోగికి చెప్పకపోవడం మరొక విషయం.

సరఫరా ఎందుకు చాలలేదో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్లాలి. హీమోఫిలియా రోగుల రక్తంలో గడ్డకట్టించే ‘ఫ్యాక్టర్ 8’ లోపిస్తుంది. 1960ల మధ్యలో జూడిత్ పూల్ కనుగొన్న క్రయోప్రెసిపిటేట్‌ను ఒకరిద్దరు దాతల ప్లాస్మా నుండి, లేదా కొద్దిమంది దాతల ప్లాస్మా నుండి తయారుచేసేవారు. 1973లో బ్రిటన్ అనుమతించిన గాఢ ఫ్యాక్టర్ పొడికి వేలమంది దాతల ప్లాస్మాను ఒకే తొట్టిలో కలుపుతారు. ఇంట్లోనే సూది వేసుకునే వెసులుబాటు కలిగించిన ఈ మందును రోగులు వరంగా భావించడం సహజమే. అయితే తొట్టిలో ఒక్కరి వ్యాధి చేరినా అది ఆ తయారీ మొత్తానికీ వ్యాపించగలదు. అమెరికన్ కంపెనీలు డబ్బిచ్చి ప్లాస్మా కొనేవి. అమ్మినవారిలో జైలు ఖైదీలు కూడా ఉన్నారు. డబ్బిచ్చి కొన్న రక్తం ప్రమాదకరమని రిచర్డ్ టిట్మస్ 1970లోనే ఒక గ్రంథంలో వాదించారు. (మన దేశంలో వృత్తిదాతల పద్ధతి రద్దు కావడానికి 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు కావలసివచ్చింది.) 1975లో మంత్రి డేవిడ్ ఓవెన్ రక్త ఉత్పత్తుల్లో స్వయంసమృద్ధి సాధిస్తామని ప్రకటించి 5 లక్షల పౌండ్లు కేటాయించారు. ఆ లక్ష్యం సకాలంలో నెరవేరలేదు.

అయితే దోషమంతా దిగుమతుల మీదికి నెట్టడం కూడా సరికాదు. 1984లో ఎడిన్‌బరోలో కొందరు రోగులకు హెచ్.ఐ.వి. సోకింది స్కాట్లండ్‌లోని స్వచ్ఛంద దాతల ప్లాస్మాతో తయారైన ఫ్యాక్టర్ 8 ద్వారానే. హెపటైటిస్ సి విషయంలో స్వదేశీ రక్తం పాత్ర ఇంకా పెద్దది. రక్తం ద్వారా కామెర్లు సోకుతాయని 1940ల నుండి వైద్యులకు తెలుసు. అయినా దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష బ్రిటన్‌లో 1991 సెప్టెంబరులో గాని ప్రారంభం కాలేదు.

మొత్తం మీద 30,000 మందికి పైగా వ్యాధిగ్రస్తులయ్యారు. సుమారు 3,000 మంది మరణించారు. హీమోఫిలియా వంటి రక్తస్రావ రుగ్మతలున్న వారిలో దాదాపు 1,250 మందికి హెచ్.ఐ.వి. సోకగా, వారిలో 380 మంది పిల్లలు. హ్యాంప్‌షైర్‌లోని ట్రెలోర్ పాఠశాల ఆవరణలోనే వైద్యకేంద్రం ఉండేది. 1970-87 మధ్య అక్కడ చదివిన 122 మంది హీమోఫిలియా విద్యార్థులలో విచారణ నివేదిక వెలువడే నాటికి సుమారు ముప్పైమంది మాత్రమే మిగిలారు. తల్లిదండ్రులకు సరిగా తెలియజేయకుండా ఆ పిల్లలను పరిశోధనకు ఉపయోగించారని నివేదిక నిర్ధారించింది.

సత్యాన్వేషణ చాలా ఆలస్యంగా సాగింది. 1991లో ప్రభుత్వం హెచ్.ఐ.వి. సోకినవారికి కొంత సొమ్ము ఇస్తూ, హెపటైటిస్ విషయంలో ఇకపై దావా వేయబోమని హామీపత్రం రాయించుకుంది. లార్డ్ ఆర్చర్ విచారణకు (2007-09) చట్టబద్ధ అధికారం లేదు. స్కాట్లండ్‌లో పెన్‌రోజ్ విచారణ చట్టబద్ధమైనదే అయినా, 2015లో ఒకే ఒక్క సిఫారసుతో ముగిసింది. ఎక్కువ భాగం వేరుగా చేయగలిగింది లేదన్న దాని ధోరణికి ఆగ్రహించి బాధితులు నివేదిక ప్రతులను తగులబెట్టారు. 2017లో థెరిసా మే ప్రకటించగా, సర్ బ్రయన్ లాంగ్‌స్టాఫ్ అధ్యక్షతన మరుసటి ఏడాది మొదలైన విచారణ 2024 మే 20న ఏడు సంపుటాల నివేదిక వెలువరించింది.

పెన్‌రోజ్, లాంగ్‌స్టాఫ్ ఇద్దరి ముందూ ఉన్న ఆధారాలు చాలావరకు సమానమే. నిర్ణయాలు భిన్నం కావడానికి కారణం, నా దృష్టిలో, వేసిన ప్రశ్నలోనే ఉంది. ఆనాటి వైద్యవిజ్ఞానం దేనిని రుజువు చేయగలిగింది అన్నది మొదటి ప్రశ్న. ఆనాడు ఎవరికి ఏది తెలుసు, దానిని ఎవరికి చెప్పలేదు అన్నది రెండవది. రెండవ ప్రశ్న వేయగానే క్లార్క్ వాక్యం సమర్థించుకోలేనిదిగా తేలింది.

పత్రాల సంగతి మరీ ముఖ్యం. రక్తపు వైరస్ భద్రతను పరిశీలించిన సలహా సంఘం దస్త్రాలు 1990లలో ధ్వంసమయ్యాయి. 1993లో కొన్ని దస్త్రాలను నాశనానికి గుర్తించడం అగ్నిప్రమాదమో వరదో కాదని, ఉద్దేశపూర్వకమని, హెపటైటిస్ సి పరీక్ష ఆలస్యానికి సంబంధించిన సమాచారం వాటిలో ఉండడమే కారణం కావచ్చని నివేదిక అభిప్రాయపడింది. కొద్దిమంది కూడి పన్నిన కుట్రగా గాక, వ్యవస్థలో సర్వత్రా వ్యాపించిన అలవాటుగా ఈ కప్పిపుచ్చుటను అది వర్ణించింది. ప్రభుత్వ దస్త్రాలే ప్రాథమిక ఆధారాలుగా పనిచేసే మనకు ఇది ఇబ్బందికరమైన పాఠం. మిగిలిన దస్త్రం ఎంత చెబుతుందో, మాయమైన దస్త్రమూ, అది మాయమైన తేదీతో సహా, అంతే చెప్పవచ్చు. ఇక్కడ ఆ లోటును పూరించినది బాధితులు దశాబ్దాలుగా ఇళ్లలో దాచుకున్న ఉత్తరాలు, చికిత్స కాగితాలు, వారి వాఙ్మూలాలు.

నివేదిక వెలువడిన రోజే ప్రధాని రిషి సునాక్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఆ ఏడాది అక్టోబరు బడ్జెటులో పరిహారానికి 1,180 కోట్ల పౌండ్లు కేటాయించారు. 2025 జూలైలో లాంగ్‌స్టాఫ్ అదనపు నివేదిక ఇవ్వవలసివచ్చింది. పరిహారం పంపిణీలో జాప్యం, బాధితుల మాట వినకపోవడం దాని విషయాలు.